తలుపు మూసుకుంటేనే గెలిచినట్టు

బండి తలుపు మూడోసారి కూడా మూసుకోలేదు.

మెదెర్ భుజం ఆనించి ఒక్క తోపు తోశాడు. లోపల ఏదో ఖణేల్మని మోగింది. తలుపు వెళ్ళినంత వేగంగా తిరిగొచ్చి అతని మోచేతికే తగిలింది.

"మెల్లగా! నా సిలిండర్‌కి సొట్ట పడితే ఊరుకోను," అంది వెనకనుంచి ఒక గొంతు.

"సొట్ట నా మోచేతికి పడింది. అది కనబడలేదా మీకు?"

"మోచెయ్యి దానంతటది నయమవుతుంది. సిలిండర్ అవ్వదు."

మెదెర్‌కి ఒళ్ళు మండింది. వెనక్కి తిరిగాడు. ఆ అమ్మాయి అతని ఇంటి వాకిట్లో, ఒక ఇనప సిలిండర్ మీద దర్జాగా కూర్చుని, చేతులు కట్టుకుని అతని తంటాలు చూస్తోంది. పేరు జిబెక్. పరిచయమై గంట కూడా కాలేదు. ఆ గంటలోనే అతని బండిని డొక్కు అంది, అతని తాళ్ళ ముడులు చూసి నవ్వింది, పైగా ఇంకో పెద్ద సంచీ దింపింది.

"ఇది బండండీ, ఓడ కాదు," అన్నాడు మెదెర్.

"ఓడ అయితే నేనే నడుపుకునేదాన్ని. మీతో పనేముంది?"

పని ఉంది. ఇద్దరికీ ఉంది. అదే వచ్చిన చిక్కు.

ప్రతి వేసవిలోనూ ఇస్సిక్-కుల్ సరస్సు దక్షిణపు ఒడ్డున 'ఒకే బండి పందెం' జరుగుతుంది. జట్టుకి ఇద్దరు, ఇద్దరికీ ఒక్కటే బండి. సైకిళ్ళు, కయాక్ పడవ, నీటి అడుగుకి దిగే డైవింగ్ సరంజామా, అన్నీ ఆ బండిలోనే పట్టాలి. పైకప్పు మీద తాడు ముక్క కూడా కట్టకూడదు. కరకోల్ ఊళ్ళో బయల్దేరి, దారిలో ఒకచోట సైకిల్ తొక్కి, ఒకచోట కయాక్ నడిపి, చివర కాజీ-సాయ్ ఒడ్డున నీళ్ళలో దిగి అడుగున జట్టుకొకటిగా ఉంచిన చాయ్ కెటిల్ పైకి తేవాలి. అంతటితో అయిపోతే బాగానే ఉండును. కెటిల్‌తో సహా సమస్తమూ మళ్ళీ బండిలోకి ఎక్కించి, మనుషులిద్దరూ కూడా ఎక్కి, తలుపు మూయాలి. ఇసుక మీద ఒక్క వస్తువు మిగిలినా ఓటమే. ఎవరి తలుపు ముందు మూసుకుంటే వాళ్ళది గెలుపు.

మెదెర్ దగ్గర టూరిస్టులని కొండలకి తీసుకెళ్ళే పాత సోవియట్ వ్యాన్ ఉంది, సైకిళ్ళున్నాయి, కయాక్ ఉంది. డైవింగ్ మాత్రం అతనికి అ ఆలు కూడా రావు. జిబెక్ దగ్గర డైవింగ్ సామానంతా ఉంది, బండి లేదు. పందెం నడిపే నాజిరా ఎజే, ఒకప్పుడు బళ్ళో ఆటల టీచరు, ఇద్దరికీ ఫోన్ చేసి జోడీ కట్టేసింది. ఊళ్ళో చిన్నా పెద్దా అందరూ 'ఎజే' అనే ఆ అక్క మాట కాదనే ధైర్యం ఎవరికీ లేదు.

"సరే, దించుదాం మళ్ళీ," అంటూ జిబెక్ చేతులు దులుపుకుని లేచింది. "మీరు సర్దలేదు. కుక్కారు. రెండూ ఒకటి కాదు."

"అయితే మీరు సర్దండి చూద్దాం."

"సర్దుతాను. మీరు పక్కకి తప్పుకోండి చూద్దాం."

వంటింటి కిటికీలోంచి ఇదంతా చూస్తున్న మెదెర్ తల్లి సబీరా పెదవి విరిచింది.

*

పందెం అయ్యేదాకా జిబెక్ మకాం కరకోల్‌లో నాజిరా ఎజే ఇంట్లోనే. ఆ రోజునుంచీ మెదెర్ వాకిట్లో రోజూ అదే భాగోతం. ఎక్కించడం, దించడం, దెబ్బలాడుకోవడం. మళ్ళీ ఎక్కించడం.

"బరువులు కింద, ముందు వైపు," అనేది జిబెక్. "నీళ్ళలో మునగడానికి కట్టుకునే సీసపు బెల్టులు సీటు కిందకి. సిలిండర్లు అడ్డంగా పడుకోబెట్టాలి. దొర్లకుండా చలికి వేసుకునే రబ్బరు వెట్‌సూట్లు మధ్యలో దూర్చాలి."

"సైకిళ్ళు మొదట కావాలి కదా. అవి మొదట ఎక్కిస్తే ఎలా దింపుతావు... దింపుతారు? మొదట దిగేది చివర ఎక్కాలి."

"అది మాత్రం నిజం," అంది, ఆ మాట గొంతులోంచి పట్టకారుతో లాగినట్టు.

మెదెర్‌కి ఆ పూటంతా నేలమీద కాలు నిలవలేదు.

అసలు గొడవ కయాక్‌తో వచ్చింది. వెనక సీట్లన్నీ పీకేసినా అది పట్టలేదు. చివరికి దాని ముక్కుని ముందు సీట్ల మధ్యనున్న ఇంజిన్ దిమ్మ మీదికి ఎక్కిస్తేగాని వెనక భాగం లోపలికి రాలేదు. ముందు సీట్లో ఒక సైకిల్‌ని కూర్చోబెట్టి బెల్టు కూడా పెట్టారు. రెండోది పక్క తలుపు దగ్గర నిలబెట్టారు. తెడ్లు గోడలవారగా వెళ్ళాయి, శిరస్త్రాణాలు ఒకదాంట్లో ఒకటి దూరాయి. మెదెర్ ఊపిరి బిగబట్టి తలుపు తోశాడు.

ఠక్.

"మూసుకుంది!" ఇద్దరూ ఒకేసారి అరిచారు. చప్పట్లు కొట్టుకోబోయి, మధ్యలో సిగ్గుపడి ఆగిపోయారు.

"అంతా బాగానే ఉంది గానీ, నేనెక్కడ కూర్చోను?" అంది జిబెక్.

ఇద్దరూ కిటికీ అద్దానికి ముక్కులు ఆనించి లోపలికి చూశారు. లోపల ఖాళీ అనేది ఉంటే ఒక్క చోటే ఉంది. కయాక్‌లో, తెడ్డు వేసేవాళ్ళు కూర్చునే గుంటలో.

"సైకిల్‌కి సీటూ బెల్టూనూ. నాకు పడవా?"

"కిటికీ పక్కనేగా. గాలి బాగా వస్తుంది," అన్నాడు మెదెర్, నవ్వు ఆపుకోలేక చస్తూ.

జిబెక్ కోపంగా చూడాలనుకుంది. కుదరలేదు. నవ్వేసింది. నవ్వితే ఆమె కళ్ళు సన్నగా గీతల్లా అయిపోతాయి. మెదెర్ ఆ రెండు గీతల వంక కాస్త ఎక్కువసేపే చూశాడు. అలా చూస్తూ, చేతిలో ఉన్న సీసపు బెల్టుని తన కాలి మీదే వదిలేశాడు.

"అమ్మా!"

"అయ్యో! దెబ్బ గట్టిగా తగిలిందా నీకు? ఏదీ, చూడనీ!" జిబెక్ గబుక్కున మోకాళ్ళ మీద కూర్చుంది.

బొటనవేలు వంకాయ రంగుకి తిరిగింది. కానీ మెదెర్ చెవిలో ఆ 'నీకు' అన్న మాటే మోగుతోంది. ఇంతకాలం మీరూ మీరూ అన్న పిల్ల నువ్వు అంది. నొప్పి ఎటు పోయిందో అతనికి తెలియలేదు.

ఆ సాయంత్రం చాయ్ తాగుతూ జిబెక్ తన సంగతి చెప్పింది. ఆమె తండ్రి తురుస్‌బెక్ సోవియట్ కాలంలో ఈ సరస్సులో టార్పెడోలు పరీక్షించి వదిలితే, అడుగుకి దిగి వెతికి తెచ్చే డైవర్. కూతురికి నడక కంటే ఈత ముందు నేర్పాడు. ఆయన దగ్గర సిలిండర్లలో గాలి నింపే కంప్రెసర్ ఒకటుండేది. పోయిన శరదృతువులో అది ప్రాణం విడిచింది. దక్షిణపు ఒడ్డు మొత్తానికి ఇంకోటి లేదు. సిలిండర్ ఖాళీ అయితే చాలు, రాజధాని దాకా మోసుకుపోవాలి.

"పందెంలో మొదటి బహుమతి కంప్రెసర్," అంది జిబెక్. "అదొస్తే కాజీ-సాయ్‌లో మా ఇంట్లోనే డైవింగ్ బడి పెడతాను. రాకపోతే ఈజిప్ట్ వెళ్ళిపోతాను. ఎర్ర సముద్రం దగ్గర ఒక హోటల్లో ఉద్యోగం ఇస్తామన్నారు. పందెం అవగానే వస్తానో రానో చెప్పాలి."

మెదెర్ చేతిలో చాయ్ చల్లారిపోయింది.

పాత్రలు తీయడానికి వచ్చిన సబీరా ఆ మాటలు విననే వింది. జిబెక్ వెళ్ళాక కొడుకుని నిలేసింది.

"ఆకులు రాలేలోపు ఎగిరిపోయే పిల్ల కోసం నువ్వు కూలివాడిలా మూటలు మోస్తున్నావు. సిగ్గు లేదూ?"

"పందెం కోసం మోస్తున్నాను ఆపా," అన్నాడు. అమ్మనీ, అమ్మలాంటి పెద్దావిడనీ అక్కడ పిలిచే మాట అదే.

"అమ్మకి చెబుతున్నావా ఆ కబురు? కాలు వాచిపోయినా పళ్ళికిలిస్తున్నావు. పందెం కోసం ఎవడూ అలా నవ్వడు నాయనా."

మెదెర్ చాయ్ గిన్నెలు తీసుకుని వంటింట్లోకి నడిచాడు. తల్లికి ఏం చెప్పినా దొరికిపోతాడని అతనికి చిన్నప్పట్నుంచీ తెలుసు.

*

పందెం రోజు పొద్దున సబీరా తెల్లగుడ్డలో కట్టిన నాన్ రొట్టెల మూట తెచ్చి బండిలో పెట్టింది. పొయ్యిలోంచి తీసి ఎంతోసేపు కాలేదు, మూట ఇంకా వెచ్చగా ఉంది. బయల్దేరేవాళ్ళని ఒట్టి చేతులతో పంపే అలవాటు ఆ ఇంట్లో లేదు. మూట పెట్టిందే గానీ జిబెక్ మొహం వంక చూడలేదు.

"నేను బస్సులో కాజీ-సాయ్ వస్తాను. ఓడిపోతే నా కొడుకుని ఓదార్చడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా," అంది, గాలితో చెప్పినట్టు.

జిబెక్ తల వంచుకుని, "వెళ్ళొస్తాం ఆపా," అంది. సబీరా మూట ముడి మళ్ళీ బిగించింది.

పక్కన నల్లటి కొత్త జీపు ఒకటి మెరిసిపోతోంది. దాని సొంతదారు తిలెక్, జిబెక్‌కి పాత పరిచయం, రాజధానినుంచి వచ్చాడు. సామానంతా అట్టపెట్టెల వాసన ఇంకా పోని కొత్త సామానే. అతను వ్యాన్ కిటికీలోంచి తొంగి చూసి, కడుపు పట్టుకుని నవ్వాడు.

"ఏంటి జిబెక్, ఇంటినుంచే తెడ్డు వేసుకుంటూ వస్తున్నావా?"

"నీ కంటే ముందే చేరతాను, చూస్తూ ఉండు."

"జీపు వెనక సీట్లో చోటుంది. మెత్తగా ఉంటుంది. రాకూడదూ?"

"మెత్తటి సీట్లో కూర్చుంటే నాకు నిద్రొస్తుంది తిలెక్. నువ్వు పడుకో," అంది జిబెక్.

నాజిరా ఎజే ఈల వేసింది. జీపు బాణంలా పోయింది. వ్యాన్ రెండుసార్లు దగ్గి, మూడోసారి కదిలింది.

ఊరు దాటి చాలా దూరం వెళ్ళలేదు, మలుపు తిరిగేసరికి దారి కనబడలేదు. గొర్రెలు కనబడ్డాయి. దారి నిండా, ఆ అంచునుంచి ఈ అంచు దాకా గొర్రెలే. ఎవరిదో కుటుంబం వేసవి పచ్చికకి తరలిపోతోంది. జీపు ఆ మందలో ఇరుక్కుని హారన్ మోగిస్తోంది. గొర్రెలకి హారన్ అంటే లెక్క లేదు. మెదెర్ ఇంజిన్ ఆపేశాడు.

గుర్రం మీదున్న ముసలావిడ ఒకామె కిటికీ దగ్గరకొచ్చి గిన్నెతో కుమిస్, అదే పులిసిన గుర్రపు పాలు, అందించింది. ఎంత తొందరలో ఉన్నా ఒక గుక్క తాగకుండా కదిలేది లేదు. మెదెర్ తాగి, వెనక్కి అందించాడు. జిబెక్ కూడా తాగి, మూట విప్పి రెండు నాన్‌లు రెండు చేతులతో ఇచ్చింది. ముసలావిడ పడవలో కూర్చున్న పిల్లని ఎగాదిగా చూసింది.

"ఈ పిల్లకేమైంది నాయనా?"

"ఏమీ కాలేదమ్మా. ఆమె కూర్చునే తీరే అంత," అన్నాడు మెదెర్. వీపు మీద తెడ్డు పోటు ఒకటి తగిలింది.

ముసలావిడ దీవించి వెళ్ళిపోయింది. గొర్రెలు మాత్రం వెళ్ళలేదు. పడవ ముక్కు మెదెర్ చెవి పక్కనే ఉంది. వెనకనుంచి జిబెక్ ఊపిరి వినిపిస్తోంది. మొహం కనబడదు. బహుశా అందుకే అతనికి అంత ధైర్యం వచ్చింది.

"జిబెక్."

"ఊఁ."

"ఓడిపోతే నిజంగా వెళ్ళిపోతావా?"

"అక్కడ నీళ్ళు వెచ్చగా ఉంటాయట."

"వెళ్ళకు."

ఒక గొర్రె టైరు వాసన చూసి, నచ్చక, పోయింది.

"ఎందుకని?" అంది జిబెక్ చివరికి.

"ఎందుకేమిటి... నువ్వంటే నాకు ఇష్టం. నువ్వు వాకిట్లోకి వస్తే నాకు పండగలా ఉంటుంది. నువ్వు తిట్టకపోతే ఆ రోజు తిండి సయించదు. ఇంతకంటే బాగా చెప్పడం నాకు రాదు."

"మొహం చూసి చెప్పొచ్చుగా?"

"తిరిగితే పడవ ముక్కు చెవిలో దిగుతుంది."

ఆమె నవ్వింది. ఆ తరవాత నవ్వు ఆపేసింది.

"విను మెదెర్. నేను ఇక్కడ ఉంటే నా పని కోసం ఉండాలి. పని లేకుండా నీ కోసం ఉండిపోయాననుకో, రెండేళ్ళు తిరక్కుండా నిన్నే తిట్టడం మొదలుపెడతాను. ఇప్పుడు తిడుతున్నట్టు కాదు, నిజంగా. అది నాకు వద్దు. నీకూ వద్దు."

"అయితే ఆ కంప్రెసర్..."

"కావాలి. అది వస్తే నీకు చెప్పాల్సిన మాట ఒకటి ఉంది."

"ఇప్పుడే చెప్పొచ్చుగా?"

"గొర్రెలు తప్పుకున్నాయి. ముందు చూసి నడుపు."

మెదెర్ బండి స్టార్ట్ చేశాడు. ఆ పూట ఆ డొక్కు వ్యాన్ ఎలా పరిగెత్తిందో దానికే తెలియాలి.

బార్స్‌కోన్ లోయలో సైకిళ్ళు దింపారు. మెదెర్ జలపాతం దాకా తొక్కి వచ్చేసరికి జిబెక్ బండిలో చోటు సిద్ధం చేసి ఉంచింది. చక్రం ఊడదీయడం, నిలబెట్టడం, తలుపు, ఠక్. టోసోర్ దగ్గర కయాక్ దింపారు. అక్కడ మెదెర్ తెడ్డు వేస్తుంటే జీపు జట్టుని దాటేశాడు గానీ, తిలెక్ జీపు దారి మీద మళ్ళీ ముందుకు పోయింది. కాజీ-సాయ్ చేరేసరికి తిలెక్ జట్టు అప్పటికే నీళ్ళలో ఉంది. మిగతా జట్లు ఇంకా వెనకే ఉన్నాయి.

*

జిబెక్ వెట్‌సూట్ వేసుకుని, సిలిండర్ తగిలించుకుని, వెనక్కి నడుస్తూ నీళ్ళలోకి దిగింది. రక్షణ డైవర్లు ఇద్దరు ఆమె వెంట దిగారు. ఆమె తల మునిగింది. నీటి మీద బుడగలు మాత్రం మిగిలాయి.

మెదెర్ ఆ బుడగల వంకే చూస్తూ నిలబడ్డాడు. ఎవరో భుజం మీద చెయ్యి వేశారు.

"ఊపిరి పీల్చు నాయనా. కిందున్నది అది, నువ్వు కాదు," అన్నాడు జిబెక్ తండ్రి తురుస్‌బెక్.

మెదెర్ ఊపిరి వదిలాడు. అప్పటిదాకా బిగబట్టి ఉన్నట్టు అతనికే తెలియలేదు.

"భయంగా లేదా బైకె మీకు?" పెద్దాయనని మర్యాదగా పిలిచే మాటతో అడిగాడు మెదెర్.

"దాన్ని కింద చూస్తే నాకెప్పుడూ భయం వెయ్యలేదు. అది ఈజిప్ట్ అన్నప్పుడే వేసింది." ముసలాయన సరస్సు వంక చూస్తూ అన్నాడు. "ఆపను. ఆపితే నా కూతురు కాదు. కానీ భయం మాత్రం వేసింది."

తిలెక్ కెటిల్‌తో ముందు పైకి తేలాడు. అతని వాళ్ళు కేకలు పెట్టారు. తిలెక్ ఒడ్డెక్కి కాళ్ళకున్న ఫిన్స్ విప్పుకుంటుండగా నీళ్ళలోంచి ముందు ఒక రాగి కెటిల్, దాని వెనకే జిబెక్ నల్ల తలా పైకి వచ్చాయి.

"రా!" అని అరిచాడు మెదెర్, అప్పటికే మోకాలి లోతు నీళ్ళలో ఉండి.

ఇక మాటలు లేవు. అన్నాళ్ళు వాకిట్లో దెబ్బలాడుకున్నదంతా ఇప్పుడు చేతుల్లోకి వచ్చింది. సిలిండర్ అనేలోపు సిలిండర్ అందింది. బెల్టు కోసం చెయ్యి చాస్తే బెల్టు చేతిలో ఉంది. వెట్‌సూట్లు నీళ్ళు తాగి రెండింతలు బరువెక్కాయి, పిండి, చుట్టి, సిలిండర్ల మధ్య దూర్చారు. జిబెక్ తడి జుట్టుతో వణుకుతోంది, అయినా ఆగలేదు. కెటిల్ శిరస్త్రాణంలో కూర్చుంది. పడవ ముక్కు ఇంజిన్ దిమ్మ ఎక్కింది.

అవతల జీపు దగ్గర గొడవగా ఉంది. తిలెక్ సామాను కొత్తగా, పొడిగా ఉన్నప్పుడు దుకాణంలో మడిచినట్టే మడిచి పెట్టాడు. తడిశాక అది ఆ మడతలు మర్చిపోయింది. వెనక తలుపు మూస్తే తెరుచుకుంటోంది. ఇద్దరూ దానిమీద పడి తోస్తున్నారు.

"ఎక్కు!"

జిబెక్ పడవలోకి దూకింది. మెదెర్ చేతికందిన ఆఖరి సామాను లోపలికి తోసి, సైకిల్ పక్కన నక్కి, తలుపు లాగాడు.

ఠక్.

బయట జనం హోరెత్తారు. నాజిరా ఎజే ఈల నోట్లో పెట్టుకుని, ఇసుక మీద ఏమైనా మిగిలిందేమో చూడటానికి బండి చుట్టూ నడక మొదలుపెట్టింది. లోపల సగం చీకటి, రబ్బరు వాసన. మెదెర్‌కి గెలుపు నాలిక మీదికి వచ్చేసింది.

"మెదెర్, నాన్ మూట ఎక్కడ?"

"ఉంటుందిలే ఎక్కడో."

జిబెక్ మెడ సాచి చూసింది. ఆమె మొహం మారిపోయింది. "నీ కాళ్ళ దగ్గర. దాని మీద నా ఫిన్స్ ఉన్నాయి."

మెదెర్ కిందకి చూశాడు. నిజమే. తెల్లటి మూట మీద, కాళ్ళకి తొడుక్కునే ఆ రబ్బరు ఫిన్స్ రెండూ, ఇసుకా బురదా కారుతూ ఉన్నాయి. తోసింది అతనే. లాగి చూశాడు. తలుపుకీ సైకిల్ చక్రానికీ మధ్య బిగుసుకుపోయి ఉన్నాయి. తలుపు తీస్తే తప్ప రావు.

అతను రొట్టె ముక్క కింద పడితే తీసి కళ్ళకద్దుకునే ఇంట్లో పెరిగినవాడు. అయినా ఆ క్షణంలో నోట్లోంచి వచ్చిన మాట ఇంకోటి.

"ఎవరూ చూడలేదు జిబెక్."

"నేను చూశాను."

"ఎజే సగం చుట్టు తిరిగేసింది. కంప్రెసర్ పోతుంది. నువ్వు వెళ్ళిపోతావు!"

"మీ అమ్మ పొద్దున్నే లేచి కాల్చిన నాన్ అది. దాని మీద నా కాళ్ళ బురద పెట్టి గెలిచి, ఆ గాలితో బడి నడపనా? నా వల్ల కాదు. తలుపు తియ్యి."

ఆమెకి ఆ కంప్రెసర్ ఎంత కావాలో మెదెర్‌కి తెలుసు. ఆమె లేని వాకిలి ఎలా ఉంటుందో కూడా తెలుసు. రెండూ తెలిసి, తన చేత్తోనే తలుపు తీశాడు.

జనం "అయ్యయ్యో!" అన్నారు. నాజిరా ఎజే ఈల నోట్లోంచి జారింది. ముందు వరసలో నిలబడ్డ సబీరా, ఈ పిల్ల ఇంకేం కొంప ముంచుతోందో అని మెడ ముందుకి సాచింది. తెరిచిన తలుపులోంచి ఆమెకి స్పష్టంగా కనబడింది. తన కొడుకు ఫిన్స్ పక్కకి లాగాడు. ఆ పిల్ల మూటని రెండు చేతులా తీసుకుని, బురద తుడిచి, నుదుటికి ఆనించుకుని, ఒళ్ళో పెట్టుకుంది.

సబీరా నోటిమీద చెయ్యి వేసుకుంది.

"మూసుకుంది!" అని అరిచాడు తిలెక్ అవతలనుంచి. జీపు తలుపు మూసుకుంది కూడా. అంతలో సందులోంచి బయటికి వేలాడుతున్న తడి బెల్టు పట్టీ అడ్డుపడి, తలుపు మళ్ళీ మెల్లగా, ఆవులించినట్టు తెరుచుకుంది.

మెదెర్ ఫిన్స్ రెండూ గోడవారగా దూర్చాడు. కాళ్ళు ముడుచుకున్నాడు. తలుపు లాగాడు.

ఠక్.

నాజిరా ఎజే ఈసారి నడవలేదు, పరిగెత్తింది. చుట్టూ తిరిగి, ఇసుకంతా చూసి, ఈల వేసింది. ఆ ఈల సరస్సు అవతలి ఒడ్డుకి కూడా వినపడి ఉంటుంది.

గెలిచారు!

బయట ఒకటే గోల. జనం వ్యాన్ మీద అరచేతులతో దరువు వేస్తున్నారు. లోపల మాత్రం ఇద్దరూ కదల్లేదు. కదలడానికి చోటు లేదు. సైకిల్ చక్రం ఊచల మధ్యనుంచి ఒకరి మొహం ఒకరికి కనబడుతోంది.

"చెప్పాల్సిన మాట ఉందన్నావు," అన్నాడు మెదెర్.

"ఉంది. గెలిచాక చెప్పడం తేలిక అనుకున్నాను. ఏం తేలిక కాదు." ఆమె ముక్కు ఎగబీల్చింది. అది చలో ఏడుపో చెప్పడం కష్టం. "నువ్వంటే నాకూ ఇష్టమే. నీ కాలి మీద బెల్టు పడ్డ రోజునుంచీ. నీ బండి అంటే మాత్రం ఇష్టం లేదు."

"బండి మార్చేద్దాం."

"ఏం వద్దు. ఉండనీ."

"మెదెర్! జిబెక్!" నాజిరా ఎజే తలుపు బాదింది. "గెలిచారర్రా! ఎంతసేపు లోపల? బయటికి రండి, జనం చూస్తున్నారు!"

"తలుపు ఇరుక్కుంది ఎజే!" అని అరిచాడు మెదెర్, తలుపు పిడి మీద చెయ్యి కూడా వెయ్యకుండా.

*

బహుమతి ఇచ్చాక తెలిసింది, కంప్రెసర్ పెట్టడానికి బండిలో చోటు లేదు. ఉన్నదంతా ఎక్కించి గెలిచినవాళ్ళకి, గెలిచింది ఎక్కించే వీలు లేకపోయింది. అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. చివరికి తిలెక్ తన జీపులోంచి సామానంతా ఇసుక మీద పారబోశాడు.

"ఇలా తెండి. ఓడిపోయినవాడి జీపులో చోటుకేం కొదవ?" అన్నాడు. కంప్రెసర్‌ని తనే ఒక పక్క పట్టి ఎక్కించాడు.

తురుస్‌బెక్ వాకిట్లో దాన్ని దింపారు. ముసలాయన తాడు లాగాడు. కంప్రెసర్ ఒక్కసారి తుమ్మి, ఆ తరవాత వీధి చివరి దాకా వినపడేలా గర్జించడం మొదలెట్టింది. మొదటి సిలిండర్ మీద గాలి కొలిచే ముల్లు వణికి, మెల్లగా పైకి లేచింది. జిబెక్ ఆ ముల్లు వంక చూస్తూ, తడి జుట్టు కూడా తుడుచుకోకుండా నిలబడిపోయింది. ఈజిప్ట్ వాళ్ళకి రానని అప్పటికే చెప్పేసింది.

సబీరా ఆమె ఎదుటికి వచ్చి నిలబడింది. గుప్పిట్లో వెండి కమ్మలున్నాయి. పెళ్ళి ఖాయమైననాడు తన అత్తగారు తన చెవులకి పెట్టినవి, అప్పటికప్పుడు తీసింది. అబ్బాయి తల్లి కమ్మలు పెట్టిందంటే మాట ఖాయమైనట్టే. వాకిట్లో అంతా సద్దుమణిగింది, కంప్రెసర్ తప్ప.

"తురుస్‌బెక్! నీ కూతురికి ఇవి పెట్టనా?" అని అరిచింది ఆ మోతలో.

"చెవులు దానివి! దాన్నే అడుగు!" అని ఆయనా అరిచాడు.

సబీరా జిబెక్ వైపు తిరిగింది. "నిన్ను ఎగిరిపోయే పిల్లవన్నాను. పొరపాటు పడ్డాను తల్లీ. నువ్వు తలుపు తీయడం చూశాను. ఆ చేతుల్లో నా కొడుకుని పెట్టడానికి నాకు భయం లేదు. నా ఇంటికి కోడలిగా వస్తావా?"

"బడి ఇక్కడే నడుపుతాను ఆపా!"

"నడుపు! వాడు సిలిండర్లు మోస్తాడు!"

మెదెర్ ఏదో అనబోయాడు. అతన్ని ఎవరూ అడగలేదు.

జిబెక్ తడి జుట్టుని చెవి వెనక్కి తోసుకుని తల వంచింది. సబీరా ఒక కమ్మ పెట్టింది. పెట్టి, ఆ పిల్ల మొహం రెండు చేతుల్లోకి తీసుకుని, వాకిట్లోనే భోరుమంది. ఏడుపు ఎంతకీ ఆగదు. అటు ముల్లు చివరికంటా లేచింది, ముసలాయన సిలిండర్ నిండిందని కేక పెట్టాడు, మెదెర్ రెండు చేతులూ ఎత్తి గెంతాడు.

"ఆపా!" అని నవ్వుతూ అరిచింది జిబెక్, ఇంకో వైపు తల తిప్పి. "రెండో చెవి!"

సబీరా కళ్ళు తుడుచుకుని రెండో కమ్మ కూడా పెట్టింది.